సిస్టరుగారి మాట

శ్రమల వారం సోమవారం పొద్దున్నే ప్రసన్నకుమారి స్కూటీకి స్టాండు కూడా సరిగా వెయ్యకుండా చర్చిలోకి పరుగెత్తింది. హెల్మెట్టు చేతిలోనే ఉంది. అది ఎక్కడ పెట్టాలో తెలియక బల్ల కింద తోసి, చెప్పులతోనే వచ్చేశానని గుర్తొచ్చి, మళ్ళీ గుమ్మం దాకా వెళ్ళి విప్పి వచ్చింది. ఆమె బతుకంతా అదే వరస. కాలు కాలిన పిల్లి అంటారే, ఆ పిల్లికి తెల్లచీర కట్టి నర్సింగ్ హోములో ఉద్యోగం ఇస్తే అచ్చం ప్రసన్నకుమారిలాగే ఉంటుంది. "పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలు" అని వాళ్ళాయన రవికుమార్ వారానికోసారైనా అంటాడు. ఆమె మాత్రం పరుగెత్తుతూనే ఉంటుంది. పాలు ఇంకెవరో తాగుతుంటారు.

ఈ గొలుసు ప్రార్థన స్త్రీల సమాజం వాళ్ళు పెట్టింది. ఈస్టరు ముందు వారంలో, పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకేదాకా, చర్చిలో బలిపీఠం ముందు పరిచిన చాప మీద ఎవరో ఒకరు ఉండి తీరాలి. ఇంటికొక గంట వంతు. దానికి ఒకటే నియమం. వెనకవాళ్ళు వచ్చి కూర్చునేదాకా ముందువాళ్ళు లేవకూడదు, గొలుసు తెగకూడదు. ఏటా ఈ వంతు ప్రసన్నకుమారి అత్తగారు తీర్చేది. ఈ ఏడు ఆవిడ మోకాళ్ళు మొరాయించాయి. "డ్యూటీకి పోయే దారేగా, ఓ గంట కూచుని పో" అన్నాడు రవికుమార్. గంట అనే మాట ఎంత తేలిగ్గా అనేశాడో అని ఆమెకు దారి పొడుగునా మండిపోయింది.

ప్రార్థనకి గంట ఏం ఖర్మ, రెండు నిమిషాలు కూడా పట్టలేదు. "ప్రభువా, అత్తయ్యగారి మోకాళ్ళు, పిల్లాడి పరీక్షలు, ఆయన ట్రాన్స్‌ఫరు, ఆసుపత్రి, అందరినీ చల్లగా చూడు, ఆమేన్." కిరాణా కొట్టువాడికి సరుకులు చెప్పినట్టు చెప్పేసి కళ్ళు తెరిచింది. నిన్నటి మట్టల ఆదివారం నాడు కిటికీలకి కట్టిన కొబ్బరాకులు అప్పుడే వాడి వేలాడుతున్నాయి. గోడవారగా ఎలీసమ్మ మామ్మగారు కూర్చుని ఉంది. ఆవిడ ఒకప్పుడు బైబిలు స్త్రీ. కాలవ గట్లమ్మట ఊరూరా నడిచి, ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పిన మనిషి. ఇప్పుడు నడవలేక, ఈ వారమంతా తన వంతూ ఇంకొకరి వంతూ అని లేకుండా ఆ గోడకే ఉంటుంది.

ప్రసన్నకుమారి గంట ఎలాగో ముగిసింది. వెనక వంతు సూరమ్మది. సూరమ్మ జాడ లేదు. బ్యాగులో ఫోను అదే పనిగా వణుకుతోంది. కొత్తపేటలో డాక్టరు భవానీదేవిగారి నర్సింగ్ హోములో కాన్పుల వార్డు మొత్తం ప్రసన్నకుమారి చేతి మీదే నడుస్తుంది. ఆమె రావడం అయిదు నిమిషాలు ఆలస్యమైతే అక్కడ ఆకాశం విరిగి పడుతుందని డాక్టరుగారూ నమ్ముతుంది, ఆమే నమ్ముతుంది.

"మామ్మగారూ, మీరున్నారు గదండీ. నేను లేచినా గొలుసు తెగదు. వెళ్ళిపోనాండి?"

"నేను చాప మీద లేను గదమ్మా. గోడకున్నాను."

"సూరమ్మగారికి టైమంటే లెక్క లేదండీ. అక్కడ ప్రాణాలతో పని మాది."

"ప్రార్థన అయిపోయిందా?"

"ఎప్పుడో అయిపోయిందండి."

"అయితే ఇప్పుడు కూచో."

"కూచునే ఉన్నాను గదండీ!"

"ఎక్కడ కూచున్నావమ్మాయ్? రావులపాలెం బస్సు కోసం నిలబడ్డట్టున్నావు" అంది ఎలీసమ్మ, నవ్వకుండా. "మనం చెప్పేదంతా గబగబా చెప్పేసి ఫోను పెట్టేస్తాం. అవతల ఆయన ఏవంటాడో ఎవరు వినాలి? ఏమీ అడక్కు. ఊరికే ఉండు. సూరమ్మ వస్తాది."

ఒళ్ళు మండినా చేసేది లేక ప్రసన్నకుమారి ఫోను నోరు నొక్కేసి హెల్మెట్టులో పడేసి కూర్చుంది. ఏమీ అడగకుండా ఉండడం ఇంత కష్టమని ఆమెకు తెలియదు. మొదట కాళ్ళు తిమ్మిరెక్కాయి. తరవాత సూరమ్మ మీద కోపం వచ్చింది, కొంతసేపటికి అదీ చల్లారింది. కొబ్బరాకుల గలగల, బయట రోడ్డు మీద ఆటోలు, తన ఊపిరి. దేవుడు ఏదో అంటాడనుకుంటే అక్కడ వినిపించింది ఆమె గొంతే. "బిడ్డ ఉమ్మనీరు తాగేస్తోందండి. ఆలస్యమైతే మా బాధ్యత కాదు." శనివారం అన్న మాట. అంతకు ముందు వారం కూడా అన్న మాట. తోసేసినా పోలేదు, ఆమె గొంతుతో, ఆమె యాసతో, ఆమె కంగారుతో మళ్ళీ మళ్ళీ వచ్చింది.

ఆ మాట అబద్ధమని తోసెయ్యడానికి వీల్లేదు. కొన్నిసార్లు నిజమే. బిడ్డ నిజంగా ఇబ్బంది పడుతుంటే కోసి తియ్యడం కంటే గొప్ప పని ఇంకోటి లేదు. అలా బతికి బట్టకట్టిన పిల్లలు ఈ కొత్తపేట సందుల్లో సైకిళ్ళు తొక్కుతున్నారు. కానీ మత్తు డాక్టరుగారు రాజమండ్రి నుంచి వచ్చే రోజునే ఊళ్ళో ఉన్న బిడ్డలందరికీ ఒక్కసారే ఇబ్బంది ఎందుకు వస్తుందో మాత్రం ఎవరూ అడగరు. అడగాల్సినవాళ్ళు కారిడార్లో బల్ల మీద కూర్చుని, చేతులు నలుపుకుంటూ, ఎక్కడ సంతకం పెట్టాలండీ అని అడుగుతారు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తేది మత్తు డాక్టరుగారి ప్రయాణం కలిసి రావడానికి. గోడ మీద మాత్రం తల్లీబిడ్డల క్షేమమే మా ధ్యేయమని ఇంతింత అక్షరాలతో బోర్డు. డాక్టరుగారు ఆ ఉమ్మనీటి మాట తన నోటితో ఏనాడూ అనలేదు. "ప్రసన్నా, వాళ్ళతో మాట్లాడు" అంటుంది, అంతే. మాట్లాడేది ప్రసన్నకుమారి.

సూరమ్మ వగరుస్తూ వచ్చి, "క్షమించండి వదినగారూ, కోతల మిషను దారికడ్డం పెట్టేసేరండి" అని చాప మీద కూలబడింది. ప్రసన్నకుమారి హెల్మెట్టు తీసుకుని లేచింది. అనాలనుకుని పోగుచేసుకున్న మాటలన్నీ ఎటు పోయాయో ఆమెకే తెలియలేదు.

*

మంగళవారం ఆమె వంతు కాదు. అయినా వెళ్ళింది. ఎందుకొచ్చావని ఎలీసమ్మ అడగలేదు, పక్కకి జరిగి గోడ దగ్గర చోటిచ్చింది. బుధవారమూ అంతే. రవికుమార్ ఆటపట్టించాడు, "ఏంటి, పాస్టరమ్మవైపోదామనే?" అని. ఆమె నవ్వి స్కూటీ తీసింది. పెద్ద భక్తి ఏదో ఆవహించిందని కాదు. ఆ గోడ దగ్గర కూర్చుంటే తను ఏం చేస్తోందో తనకు కనబడుతోంది. అది ఏమీ బాగా లేదు, అయినా చూడకుండా ఉండలేకపోతోంది.

వార్డులో చేతులు కాస్త నిదానించాయి. సెలైను సూది గుచ్చేముందు నరం దొరికేదాకా వేలితో తడిమింది. మంచం మీద పిల్ల "నొప్పెడతాదాండి?" అంటే "పెడతాదమ్మా, చీమ కుట్టినట్టు" అని చెప్పి, ఆ పిల్ల ఊపిరి వదిలేదాకా ఆగి గుచ్చింది. అన్నం డబ్బా మూత తీసి, నిలబడి కాకుండా కూర్చుని తింది. "ఒంట్లో బాగోలేదాండి సిస్టరుగారూ?" అని ఆయా అడిగింది.

బుధవారం మధ్యాహ్నం పెదబాబుగారు దిగారు. కాలవవారన కొబ్బరితోటలు, వరి చేలు ఉన్న ఆసామి. కోడలు లక్ష్మీదుర్గకి నెలలు నిండడానికి ఇంకా రెండు వారాలుంది. నొప్పుల మాటే లేదు. కానీ గురువారం పొద్దున మంచి ముహూర్తం కుదిరిందట. ఆ లగ్నంలో పుడితే రాజయోగమని వాళ్ళ సిద్ధాంతిగారు చెప్పారట. పుట్టేవాడికి రావాలని లేకపోయినా రప్పించే తొందర పెద్దలకుంది. పెదబాబుగారు పేపరు ముక్క డాక్టరుగారి బల్ల మీద పెట్టి, "అటూ ఇటూ అవకుండా చూడండమ్మా" అన్నారు, పెళ్ళికి మేళగాళ్ళని మాట్లాడుకున్నంత తాపీగా. "ఆయ్, అలాగేనండి. మత్తు డాక్టరుగారిని పొద్దున్నే రమ్మన్నాను" అంది భవానీదేవిగారు. లక్ష్మీదుర్గ పక్కన కుర్చీలో కడుపు మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ అమ్మాయిని ఎవరూ ఏమీ అడగలేదు.

*

గురువారం తెలతెలవారుతుండగా ఆటోలో సత్యవేణి వచ్చింది. తొలిచూలు. నొప్పులతో మెలి తిరిగిపోతూ వాళ్ళమ్మ వీరమ్మ భుజం కరిచి పట్టుకుంది. సత్యవేణి మొగుడు చంటి కొబ్బరి దింపు కార్మికుడు. చెట్టు మీదున్నాడో ఏమో ఫోను ఎత్తడం లేదు. వీరమ్మ చేతిలో ఫ్లాస్కు, బట్టల సంచీ, ముఖం నిండా భయం.

ప్రసన్నకుమారి చేతులు కడుక్కుని చూసింది. దారి సగం తెరుచుకుంది. బిడ్డ తల కిందికే ఉంది. కడుపు మీద మిషను పెడితే గుండె చప్పుడు గదంతా నిండింది, నిలకడగా, బలంగా. "బాగుందమ్మా. నీ పనీ బాగుంది, నీ బిడ్డ పనీ బాగుంది. కాస్త టైము పడుతుంది" అంది.

అప్పటికి కిందంతా సందడిగా ఉంది. పెదబాబుగారి బంధువులు రెండు కార్లలో దిగారు. సిద్ధాంతిగారు ఫోనులోనే ఉన్నారు. లక్ష్మీదుర్గకి ఆకుపచ్చ గౌను తొడిగి, నగలు తీసి అత్తగారి చేతిలో పెట్టారు. డాక్టరు భవానీదేవిగారు మెట్లెక్కుతూనే ఇడ్లీ నోట్లో పెట్టుకుని, వార్డులోకి తొంగి చూసింది.

"ఈవిడెవరు?"

"సత్యవేణి అండి, తొలిచూలు. బాగానే ఉందండి మేడమ్. సాయంత్రంలోపు దానంతటదే అయిపోద్ది."

"సాయంత్రం అమలాపురంలో ఓపీ ఉంది నాకు. హేమంత్ మళ్ళీ పండగ అయ్యేదాకా రానంటున్నాడు." హేమంత్ అంటే మత్తు డాక్టరు. "ఎలాగూ వచ్చేడు గదా, పెదబాబుగారి కోడలిది అవగానే ఇదీ కానిచ్చేద్దాం. వాళ్ళతో మాట్లాడు."

"గుండె చప్పుడు బాగుందండి."

"ఇప్పుడు బాగుంది. తరవాత తేడా వస్తే మత్తు డాక్టర్ని ఎక్కణ్ణుంచి తెస్తావు?"

"తేడా వస్తే అంబులెన్సులో అమలాపురం పంపిద్దామండి. తేడా రాకముందే ఎందుకండీ?"

భవానీదేవిగారు నములుతున్నది ఆపి ఆమెకేసి చూసింది. చెడ్డ మనిషి కాదు. చేతిలో నైపుణ్యం ఉంది, చదువుంది, అర్ధరాత్రి లేపినా లేచి వస్తుంది. కాకపోతే ఆవిడ రోజంతా ఒక పని మీద ఇంకో పని పేర్చి ఉంటుంది. కింద ఏదైనా కదిలితే మొత్తం కూలిపోతుంది. కదలకుండా ఉండడానికి ఎవరి కడుపైనా కొయ్యాల్సి వస్తే కోసేస్తుంది. "వాళ్ళతో మాట్లాడు ప్రసన్నా" అని మళ్ళీ ఒకసారి చెప్పి థియేటరు వైపు వెళ్ళిపోయింది.

ప్రసన్నకుమారి కారిడార్లోకి వచ్చింది. వీరమ్మ బల్ల మీంచి లేచి నిలబడింది. ఆ లేవడం ప్రసన్నకుమారికి కొత్త కాదు. తెల్లచీర కనపడగానే అందరూ అలాగే లేస్తారు.

"ఏటయిందండి సిస్టరుగారూ?"

మాట నాలుక చివరనే ఉంది. ఇన్నేళ్ళ అలవాటుతో అది తనంతట తనే వచ్చేస్తుంది. తలుచుకోనక్కర్లేదు కూడా. ప్రసన్నకుమారి నోరు తెరిచింది. వీరమ్మ కళ్ళు ఆమె పెదవుల మీదే ఉన్నాయి.

"ఏమీ కాలేదండి. బిడ్డ బాగుంది. టైముంది" అంది ప్రసన్నకుమారి.

అని లోపలికి వెళ్ళిపోయి, స్టూలు లాక్కుని సత్యవేణి మంచం పక్కన కూర్చుంది. కాన్పుల వార్డులో ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. నాలుగు మంచాల మధ్య తిరుగుతూ, ఒకరికి సూది, ఒకరికి కేకలు, ఒకరికి సంతకం. ఇప్పుడు కూర్చుని, నొప్పి వచ్చినప్పుడల్లా ఆ పిల్ల నడుం మీద అరచేత్తో గట్టిగా నొక్కి పట్టింది. నొప్పి తగ్గినప్పుడు వదిలింది. టీ చల్లార్చి గుక్కగుక్కగా తాగించింది. లేపి, జబ్బ పట్టుకుని కిటికీ దాకా నడిపించి, మళ్ళీ తీసుకొచ్చి పడుకోబెట్టింది. గుండె చప్పుడు విన్నది. మళ్ళీ విన్నది.

వీరమ్మ తలుపు దగ్గరికి వచ్చి గోల పెట్టింది. "పిల్ల తట్టుకోలేపోతందండి. కోసెయ్యండమ్మా, అవతల ఆళ్ళకి కోత్తన్నారు గదా!"

"ఆళ్ళకి ముహూర్తం ఉందండి. మీ అమ్మాయికి నొప్పులున్నాయి. మీకే నయం" అంది ప్రసన్నకుమారి.

"ఏదన్నా అయితేనండి?"

"నేను ఇక్కణ్ణుంచి లేవను. సరేనా?"

వీరమ్మ "ఆయ్" అని వెళ్ళి కూర్చుంది. అంత తొందరగా ఒప్పుకుంటుందని ప్రసన్నకుమారి అనుకోలేదు.

థియేటరులోంచి బిడ్డ ఏడుపు వినపడింది. అనుకున్న లగ్నానికి, అటూ ఇటూ కాకుండా, పెదబాబుగారి మనవడు బయటపడ్డాడు. కారిడార్లో చప్పట్లు, ఫోటోలు. స్వీటు డబ్బాలు విప్పారు. కుట్లు వెయ్యడం అయ్యాక భవానీదేవిగారు మాస్కు గడ్డం కిందికి లాగి వార్డులోకి వచ్చింది. వెనకాల మత్తు డాక్టరు వాచీ చూసుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు.

"సంతకం అయిందా?"

"లేదండి."

"ఏం? ఒప్పుకోలేదా?"

"నేను చెప్పలేదండి."

"చెప్పలేదా?" అంది డాక్టరుగారు, ఆ మాటకి అర్థం తెలియనట్టు.

"చెప్పలేనండి మేడమ్. బిడ్డకి ఏమీ అవకుండా అయిందని నేను చెప్పలేను. మీరే వినండి." ప్రసన్నకుమారి మిషను కడుపు మీద పెట్టింది. చప్పుడు గదంతా నిండింది. దాన్ని వినని చెవి లేదు అక్కడ. మత్తు డాక్టరు చూపు నేల మీదికి దించుకున్నాడు.

"నీకు ఉద్యోగం అక్కర్లేదా?"

"కావాలండి. పిల్లాడి చదువుంది, అత్తగారున్నారు. చాలా కావాలండి." ఆమె మిషను కడుపు మీంచి తియ్యలేదు. "కానీ ఆ మాట నాచేత అనిపించకండి. అంత అవసరమైతే మీరే చెప్పండి. రోజూ నేనెందుకండీ చెప్పాలి? కోసేది మీరు, బండి ఎక్కేది ఆయన, ఆ తల్లి మొహం చూసేది మాత్రం నేనా?"

"చెప్తాను. అదేమన్నా బ్రహ్మవిద్యా?" అని భవానీదేవిగారు విసురుగా కారిడార్లోకి వెళ్ళింది.

ప్రసన్నకుమారి గుమ్మంలోంచి చూస్తోంది. డాక్టరుగారే తన దగ్గరికి రావడం చూసి వీరమ్మ గాభరాగా లేచి, కొంగు నిండా కప్పుకుని, రెండు చేతులూ జోడించింది.

"చూడమ్మా, మీ అమ్మాయికి..." అంది భవానీదేవిగారు.

"ఆయ్, చెప్పండమ్మగారూ. మీరు దేవుడి లాంటోరు. బిడ్డకేవన్నా అయిందాండి?" వీరమ్మ తల పూర్తిగా ఎత్తి ఆవిడ మొహంలోకి చూసింది. నల్లటి మొహం, ఎండకి ఎండిన పెదాలు, రెప్ప వెయ్యని కళ్ళు.

భవానీదేవిగారు నోరు తెరిచింది, మూసింది. గ్లవ్స్ లేని చేతులు ఒకదానితో ఒకటి తుడుచుకుంది. గోడ మీది బోర్డు వైపు, మెట్ల వైపు చూసి, చూపు నిలిపే చోటు దొరకక మళ్ళీ వీరమ్మ దగ్గరికే వచ్చింది.

"ఏమీ కాలేదు" అంది చివరికి, ఎవరో వేరే మనిషి గొంతుతో. "బాగానే ఉంది. సాయంత్రం దాకా చూద్దాం." వెనక్కి తిరిగి, మత్తు డాక్టరుతో "మీరు బయల్దేరండి" అని, ఎవరి వైపూ చూడకుండా తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ప్రసన్నకుమారికి సంతోషం కలగాలి. కలగలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంత తేలికా? ఒక్క తల్లి మొహం, ఒక్కసారి చూసేసరికి నోరు పెగలలేదే డాక్టరుగారికి! మరి ఇన్నేళ్ళూ తనకెలా పెగిలింది? ఆవిడ చెయ్యలేని పనే తనచేత చేయించింది. తను కాదంటే ఏనాడో ఆగిపోయేది ఇది. కాదనడానికి తనకి తీరిక లేకపోయింది. ఆ కోపం డాక్టరుగారి తలుపు దాకా వెళ్ళి, ముప్పావు వంతు తిరిగి వచ్చి తన మీదే పడింది. సత్యవేణి కేక పెట్టడంతో ఆమె వెళ్ళి మళ్ళీ స్టూలు మీద కూర్చుంది.

*

ఎండ పడమటికి వాలాక సత్యవేణికి ఆడపిల్ల పుట్టింది. భవానీదేవిగారు అమలాపురం వెళ్ళలేదు. పిలవగానే వచ్చి, బిడ్డని తన చేతులతోనే అందుకుంది. పని అయ్యాక చేతులు కడుక్కుంటూ, వెనక్కి తిరగకుండానే చెప్పింది.

"సోమవారం నుంచి నువ్వు కింద ఓపీ చూసుకో ప్రసన్నా. వార్డుకి వేరే అమ్మాయిని చూస్తాను."

"ఆయ్" అంది ప్రసన్నకుమారి. వేరే అమ్మాయి వస్తుంది, కొత్త పిల్ల, ఉద్యోగం పోతుందని భయపడే పిల్ల. నాలుగు రోజుల్లో ఆ మాట నేర్చేసుకుంటుంది. ఈ సంగతి తలుచుకుంటే పుట్టిన బిడ్డ ఏడుపు కూడా చెవికెక్కలేదు ఆమెకు.

ప్రసన్నకుమారి కారిడార్లోకి వచ్చి వీరమ్మ పక్కన బల్ల మీద కూలబడింది. పెదబాబుగారి వాళ్ళు పంచిన స్వీటు వీరమ్మకీ ఒకటి దొరికింది. దాన్ని రెండు ముక్కలు చేసి ఒక ముక్క ప్రసన్నకుమారి చేతిలో పెట్టి, ఆ చెయ్యి వదలకుండా పట్టుకుంది.

"నన్ను గుర్తుపట్టలేదు గదండీ మీరు?"

"ఎక్కడండీ?"

"మా పెద్దదానికీ ఇక్కడే గదండీ అయింది. అప్పుడూ మీరే వచ్చి చెప్పేరు, బిడ్డ ఉమ్మనీరు తాగేత్తన్నాడు, ఎంటనే కోసెయ్యాలి అని. మీరు టయానికి ఆ మాట చెప్పబట్టి బతికేడండి ఆడు. ఇప్పుడు అంగన్‌వాడీకి ఎల్తన్నాడు." వీరమ్మ కళ్ళు తుడుచుకుంది. "అందుకేనండి, ఇయ్యాల మీరు ఆగమంటే ఆగేను. ఇంకెవరన్నా అయితే ఆగుదునాండి? సిస్టరుగారు చెప్పేరంటే నిజమే అనుకున్నాను."

ప్రసన్నకుమారి గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. వీరమ్మ పెద్ద కూతురు. ఎలా ఉంటుంది? పొట్టా, పొడుగా? ఏం అడిగింది? ఏడ్చిందా? ఆ రోజు గుండె చప్పుడు నిజంగా తగ్గిందా, మత్తు డాక్టరు వచ్చే రోజు కాబట్టి తగ్గిందా? ఏమీ రాలేదు. ఒక్క మొహం రాలేదు.

"ఇప్పుడెలా ఉన్నారండి మీ పెద్దమ్మాయి?"

"బానే ఉందండి. వంగలేదండి అంతే. ఆపరేషను కాడి నుంచీ నడుం పట్టేత్తాది. ఊడుపులకి ఎవరూ పిలవరు మరి. పోన్లెండి, బిడ్డ దక్కేడు, అదే పదివేలు."

లోపల గంట మోగింది. "సిస్టరుగారూ" అని ఆయా కేక వేసింది. మంచిదండి అని ఒక్క మాట అనేసి లేచి వెళ్ళిపోతే సరిపోయేది. వీరమ్మ ఏమీ అనుకోదు, ఇంకా దండం పెడుతుంది కూడా. ప్రసన్నకుమారి లేవలేదు.

"వీరమ్మగారూ, ఆ రోజు నేను చెప్పింది నిజమో కాదో నాకు తెలీదండి."

వీరమ్మ నవ్వు మొహం అలాగే ఉండిపోయింది.

"చాలామందికి చెప్పేనండి ఆ మాట. కొందరి విషయంలో నిజం. కొందరి విషయంలో కాదు. మీ అమ్మాయి ఏ రకమో నాకు గుర్తు లేదు. తొందరలో చెప్పేసి వెళ్ళిపోయుంటాను."

వీరమ్మకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. చంటి అప్పుడే మెట్లెక్కుతూ వచ్చి, కూతుర్ని చూపించమని ఆయాతో గొడవ పడుతున్నాడు. వీరమ్మ అటు చూసింది, మళ్ళీ ఇటు చూసింది. పట్టుకున్న చెయ్యి నెమ్మదిగా వదిలింది.

"మరైతే దాన్నెందుకు కోసేరండీ?" అని అడిగింది.